సున్నా సెకన్ల పాఠం

హైమవతి టీచరు చివరి పాఠం పోయింది సెప్టెంబరు నెలలో ఒక బుధవారం, పగలు పదకొండూ యాభైకి. టీచరు పోయింది ఇంకో ఇరవై నిమిషాలకు, ఆటోలో, ఊరి చివర పెట్రోలు బంకు దాటకముందే. గంగుపాలెం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల రికార్డుల్లో ఈ రెండిటిలో మొదటిదే నమోదైంది. రెండోది రాయడానికి అందులో గడి లేదు.

ఇదెలా జరిగిందో తెలియాలంటే ముందు స్వరముద్ర గురించి చెప్పాలి. ఆ ఏడాది బడులు తెరిచే ముందు విద్యాశాఖ పెద్దలకు ఒక సందేహం కలిగింది. టీచర్లు నిజంగా పాఠాలు చెబుతున్నారా? వాళ్ళనడిగితే చెబుతున్నామంటారు. తనిఖీకి వెళితే ఆ ఒక్కరోజూ చెబుతారు. ఈ సందేహం తీర్చడానికి స్వరముద్ర అనే పథకం పుట్టింది. ప్రతి టీచరుకూ అరచేతిలో ఇమిడే రికార్డరు ఒకటి ఇచ్చి, మెడలో వేసుకోమన్నారు. బెల్లు కొట్టగానే ఎర్ర బొత్తాం నొక్కాలి, పీరియడు అవగానే మళ్ళీ నొక్కాలి. సాయంత్రం బడి ఆఫీసు కంప్యూటరుకు తగిలిస్తే ఆనాటి పాఠాలన్నీ రాజధానికి వెళ్ళిపోతాయి. అక్కడ ఒక యంత్రం వాటిని విని నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది. టీచరు మాట స్పష్టంగా ఉంటే మార్కులు పెరుగుతాయి. తరగతిలో గోల ఉంటే తగ్గుతాయి. మార్కులు వేశాక శబ్దాన్ని చెరిపేస్తారు. లక్షల పాఠాలు దాచడానికి చోటు లేదు కాబట్టి మార్కు మాత్రం దాస్తారు. సర్క్యులరు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంది: "రికార్డు కాని పాఠము చెప్పని పాఠముగా పరిగణించబడును."

పిల్లల నవ్వును యంత్రం గోలగానే లెక్కగడుతుంది. హైమవతి తరగతిలో పిల్లలు నవ్వుతారు. అందుకని ఆవిడకు జూలైలో అరవై ఒకటి, ఆగస్టులో యాభై ఎనిమిది వచ్చాయి. అదే బడిలో తెలుగు చెప్పే ఆవిడ భర్త చెన్నకేశవులు మాస్టారికి ఎనభై తొమ్మిది వచ్చాయి. ఆయన మాటను బరువు చూసి వాడే మనిషి. ఆయన తరగతిలో ఎవరూ నవ్వరు.

"మీ పిల్లకాయలు సగంమంది నిద్రపోతుంటారు," అని హైమవతి అనేది. "నిద్రకు మార్కులెక్కువ. నేను కూడా రేపట్నుంచి జోలపాట మొదలుపెడతా."

ఆ బుధవారం ఆవిడ జోలపాట మొదలుపెట్టలేదు. ఎనిమిదో తరగతి బి సెక్షనులో వానపాము పాఠం చెబుతూ, ముప్పై అయిదో నిమిషంలో మాట మధ్యలో ఆపి, బల్ల మీద చెయ్యి ఆనించి, కుర్చీలో కూర్చోబోయి, కింద కూర్చుండిపోయింది. పిల్లలు అరిచారు. పక్క గదిలోంచి హెడ్మాస్టరు యలమందరావు గారు పరిగెత్తుకొచ్చారు. ఆవిడ మెడలో రికార్డరు ఎర్రగా వెలుగుతూనే ఉంది. పిల్లలు ఏడుస్తున్నారు, అటెండరు కోటమ్మ ఆటో కోసం కేకలు పెడుతోంది. యలమందరావు గారికి ఆ గాభరాలో సర్క్యులరు ఏడో పేరా గుర్తొచ్చింది. తరగతిలో బోధనేతర శబ్దములు నమోదైనచో ప్రధానోపాధ్యాయుడే బాధ్యుడు.

రికార్డరు ఆపుదామంటే అది ఊరికే ఆగదు. పీరియడు నంబరెంత, పాఠం పేరేమిటి, పూర్తయిందా లేదా అని తెర మీద అడుగుతుంది. ఆయన కళ్ళజోడు ఆఫీసు గదిలో ఉంది. ఆయన రికార్డరు తిరగేసి, వెనక మూత లాగి, రెండు సెల్లులూ ఊడబెరికారు. ఎర్ర దీపం ఆరిపోయింది. తొమ్మిదో తరగతిలోంచి చెన్నకేశవులు మాస్టారు వచ్చేసరికి ఆ రెండు సెల్లులూ హెడ్మాస్టరు చేతిలోనే ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఆవిణ్ణి ఆటో దాకా మోసుకెళ్ళారు.

పన్నెండు రోజుల తర్వాత మాస్టారు బడికొచ్చారు. అప్పటికి బడికొక మెమో వచ్చి ఉంది. అది హైమవతి పేరిట వచ్చింది.

"నాలుగవ పీరియడు నందు సున్నా సెకన్ల బోధన జరిగినట్లు గమనించడమైనది," అని యలమందరావు గారు చదివారు. చదివేటప్పుడు మాస్టారి ముఖం చూడలేదు. "మూడు దినములలోగా సదరు ఉపాధ్యాయిని స్వయముగా వివరణ ఇవ్వవలెను. స్వయముగా అని ఉంది కేశవులు గారూ. అదీ ఇబ్బంది."

"నేను రాసిస్తే?"

"మీది తెలుగు. ఇది జీవశాస్త్రం. సబ్జెక్టు కుదరదు."

"ఇంతకీ వాళ్ళేమంటారు?"

"ఏమంటారు. ఆ రోజు ఆవిడ బడికి రాలేదంటారు."

"బళ్ళోనే కదండీ పడిపోయింది. మీరూ నేనే కదా మోసుకెళ్ళాం."

"నాకు తెలుసయ్యా," అన్నారు యలమందరావు గారు. "ఆ యంత్రానికి తెలవదుగా."

ఆయన సొరుగు లాగి, రుమాల్లో చుట్టి పెట్టిన రికార్డరును బల్ల మీద పెట్టారు. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. మెమో గురించి ఆయనకు బెంగ లేదు. ఆయనకు కావలసింది వేరే ఉంది. ఇంట్లో హైమవతి ఫొటోలు ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఒకే ఇల్లు, ఒకే బడి. ముప్పై ఏళ్ళలో ఫోనులో మాట్లాడుకోవలసిన అవసరం పెద్దగా రాలేదు. ఎవరైనా వీడియో తీయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. రాజధానికి వెళ్ళిన పాఠాలు మార్కులుగా మారిపోయాయి. ఆ గొంతు మిగిలి ఉంటే ఈ రికార్డరులో ఉండాలి.

"ఇందులో ఆ రోజు పాఠం ఉంటుందాండీ?"

"చూద్దాం ఉండండి. ముందసలు పనిచేస్తుందో లేదో." యలమందరావు గారు మంచి మనసుతోనే కొత్త సెల్లులు వేసి, ఎర్ర బొత్తాం నొక్కి, "హలో, హలో, ఒకటి, రెండు, మూడు" అన్నారు. ఇంకా ఏం చెప్పాలో తోచక బడి పేరు, మండలం పేరు, తన పేరు, తాను చేరిన సంవత్సరం చెప్పారు. మధ్యలో ఎవరో సంతకానికొస్తే సంతకం కూడా పెట్టారు. నాలుగు నిమిషాలయ్యాక ఆపి వినిపించారు. మాటలు గంట కొట్టినట్టు ఖంగుమని వినిపించాయి. "బ్రహ్మాండంగా ఉంది," అన్నారు. బుధవారం పాఠం పక్కన మాత్రం మూడు జతల సున్నాలే ఉన్నాయి.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర కొట్టున్న కరీముల్లాను బడికి పిలిపించారు. అతను మాస్టారి పాత శిష్యుడు. భజన మండళ్ళ వాళ్ళకీ, పెళ్ళి వీడియోల వాళ్ళకీ ఇలాంటి రికార్డర్లు బాగుచేస్తుంటాడు. రికార్డరును అటూ ఇటూ తిప్పి, తెర మీద సున్నాలు చూసి, తల గోక్కున్నాడు.

"ఆపకుండా సెల్లులు పీకారు కదా సార్?"

యలమందరావు గారు కిటికీలోంచి బయటికి చూశారు.

"ఎందుకు అడిగావు?" అన్నారు మాస్టారు.

"బస్సులో సీట్ల సంగతి తెలుసుగా సార్. మేడం ఎక్కి కూర్చున్నారు. ముప్పై అయిదు నిమిషాల కాడికి ముప్పై అయిదు సీట్లు నిండినయ్. కండక్టరు ఆఖర్న కాయితంలో రాసుకోవాల, ఈ సీట్లు నిండినయ్యని. సెల్లులు పీకేసరికి రాసుకోలా. మేడం ఇంకా సీట్లోనే ఉన్నారు సార్. కాయితంలో మటుకు సీట్లన్నీ ఖాళీ."

"అంటే గొంతు ఉంది."

"ఉంది. కాకపోతే కొత్తగా ఎవరెక్కినా కండక్టరు తీసకపోయి ఆ సీట్లోనే కూచోబెడతాడు. ముందు సీటు కాడి నుంచి మొదలుపెట్టి."

"అప్పుడు ఆవిడ?"

"ఇంక ఆ సీట్లో ఉండరు సార్."

మాస్టారు నెమ్మదిగా, "ఇందాక హెచ్చెమ్ గారు నాలుగు నిమిషాలు మాట్లాడారు," అన్నారు.

"నాలుగు పోయినట్టే సార్. ముందరియ్యి. ముప్పై ఒకటి ఉంటయ్."

తియ్యడం తనకు గంట పనే అన్నాడు కరీముల్లా. కానీ ఈ సర్కారు రికార్డరును బయటి కంప్యూటరుకు తగిలిస్తే అది తనంతట తానే అంతా తుడిచేసుకుంటుంది. దొంగలు పాఠాలెత్తుకుపోకుండా చేసిన ఏర్పాటట. బడి కంప్యూటరేమో పాఠాలు పైకి పంపడమే తప్ప లోపల వెతకనివ్వదు. ఇలాంటివి రెండు తన చేతిలోనే అలా తుడుచుకుపోయాయట. ఆ ఏర్పాటును ఆపే కోడ్ ఒకటి పెద్ద ఆఫీసులో ఉంటుంది. అది తెప్పిస్తే చాలు. "అప్పటిదాకా ఎర్ర బొత్తాం జోలికి మటుకు ఎవర్నీ పోనీయొద్దు సార్," అని చెప్పి వెళ్ళాడు.

మర్నాడు మాస్టారు ఎనిమిదో తరగతి బి సెక్షనుకు వెళ్ళారు. పోయిన నాలుగు నిమిషాల్లో ఏముందో, మిగిలిన ముప్పై ఒకటిలో ఏముందో తెలుసుకోవాలనిపించింది. ఆ రోజు మేడం మొదటినుంచి ఏమేం చెప్పారో వరసగా చెప్పమన్నారు.

"మొదట హాజరు సార్," అన్నారు పిల్లలు.

"పేర్లు పిలిచారా?"

"పేర్లు కాదు సార్. మేడం మమ్మల్ని వేరేగా పిలుస్తది. ఈణ్ణి దొండకాయ అంటది."

"నిన్నేమంటదో చెప్పవేం?" అన్నాడు దొండకాయ.

మాస్టారు కాగితం మీద మొదటి నాలుగు నిమిషాలు, హాజరు, అని రాసుకుని దాని మీద గీత కొట్టారు. తర్వాత కొబ్బరిచిప్పలో మట్టి, అందులో వానపాము. దానికి కళ్ళు లేవు, చెవులు లేవు, అయినా చేలో మనుషులకంటే ఎక్కువ పని చేస్తుందని మేడం చెప్పడం. దాన్ని ముట్టుకోనని ఇద్దరు బల్ల ఎక్కడం, మేడం వాళ్ళకు నచ్చజెప్పడం. అన్నీ రాసుకున్నారు.

"ఆఖర్న?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీలో నజీమా అనే అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆఖర్న మీ కథ చెప్పింది సార్."

"నా కథా?"

"మీరూ వానపామూ సార్. కడుపు పట్టుకుని నవ్వాం. మీరు స్నానాల గదిలోంచి..."

"ఆగమ్మా," అన్నారు మాస్టారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఏ వానపామో, ఏ స్నానాల గదో ఆయనకు గుర్తు రాలేదు. "మీరు చెప్పకండి. అది నేను ఆవిడ గొంతుతోనే వింటాను."

తరగతిలో చప్పుడు లేదు. యంత్రం విని ఉంటే తొంభై దాకా వేసేది.

మండల విద్యాధికారి పరాంకుశం గారి కార్యాలయంలో మాస్టారిని కూర్చోబెట్టి మర్యాద చేశారు. పరాంకుశం గారు ఇంట్లో కూడా వాక్యాన్ని 'సదరు'తోనే మొదలుపెడతారని పేరు. ఆయన దరఖాస్తు రెండుసార్లు చదివారు.

"సదరు విషయమున తమరి ఆవేదన కార్యాలయ దృష్టిలో ఉన్నది మాస్టారూ. కోడు నిమిత్తం పైకి సిఫారసు చేయుటకు అభ్యంతరం లేదు. కాని దరఖాస్తుతో పరికరం పనితీరు ధ్రువపత్రం జతపరచవలెను."

"అదెలా ఇస్తారండీ?"

"పరికరమున పది నిమిషములు నిరాఘాటంగా రికార్డు చేసి చూచి."

మాస్టారు బస్సు, సీట్లు, కండక్టరు సంగతి చెప్పారు. ఎన్నడూ ఇంత పొడుగ్గా మాట్లాడలేదేమో, మధ్యలో మంచినీళ్ళు తాగారు. రికార్డు చేస్తే పది నిమిషాలు పోతాయని, దయచేసి చెయ్యొద్దని చెప్పారు.

పరాంకుశం గారు శ్రద్ధగా విన్నారు. "ఆ చోటు ఖాళీ అని పరికరమే చెప్పుచున్నది. పరికరం మాట కాదని తమరి మాట నమ్మితే పథకం ఉద్దేశ్యం ఏమి కావలెను? తమరు నిజమే చెప్పుచున్నారని నాకు వ్యక్తిగతంగా తెలియును. కాని నేను ఇక్కడ వ్యక్తిగతంగా కూర్చొనలేదు."

"పరీక్ష లేకుండా పంపితే?"

"పనిచేయునో లేదో తెలియని పరికరమునకు కోడు ఎట్లు ఇత్తురు?"

"పనిచేస్తుందని తేలితే ఇస్తారా?"

"పనిచేయు పరికరమునకు కోడు ఎందుకని అడిగే అవకాశం లేకపోలేదు. అది తర్వాతి దశ."

పరీక్షకు ఏం చదవాలన్న ప్రశ్న వచ్చింది. సీనియర్ అసిస్టెంటు భ్రమరాంబ గారు స్వరముద్ర సర్క్యులరే చదువుతానన్నారు. చేతికి దొరికింది అదే. ఆవిడ మాస్టారి వంక ఒకసారి చూసి, ఎర్ర బొత్తాం నొక్కి, "రికార్డు కాని పాఠము చెప్పని పాఠముగా" అని మొదలుపెట్టారు. మాస్టారు గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నారు. రెండో నిమిషంలో కొబ్బరిచిప్ప వెళ్ళింది. ఆరో నిమిషంలో తలుపు తోసుకుని టీ అమ్మే ఆయన వచ్చి, "ఎన్ని టీలు సార్?" అన్నాడు.

భ్రమరాంబ గారు ఆపారు. పరాంకుశం గారు నిట్టూర్చారు.

"నిరాఘాటం అన్న షరతు భగ్నమైనది. మొదటి నుండి చేయవలెను."

"ఆరు నిమిషాలయ్యాయి కదండీ. మిగతా నాలుగు చాలవా?" అన్నారు మాస్టారు.

"ఆరూ నాలుగూ పది అగునేమో కాని, నిరాఘాటమైన పది కాదు."

మొదటి నుండి చేశారు. తలుపు గడియ వేసి, గుమ్మం బయట అటెండరును నిలబెట్టారు. పది నిమిషాల పాటు గదిలో ఎవరూ దగ్గలేదు. ధ్రువపత్రం మీద పరాంకుశం గారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, పరికరం అద్భుతంగా ఉన్నదని రాశారు. ఇంటికి వస్తూ మాస్టారు బస్సులో కాగితం తీసి ఇంకో పదహారు నిమిషాల మీద గీత కొట్టారు. పదిహేను మిగిలాయి. ఆయన కథ ఆఖర్న ఉంది కాబట్టి ఇంకా ఉన్నట్టే.

కోడ్ కోసం దరఖాస్తు పైకి వెళ్ళింది. పై నుంచి కోడ్ రాలేదు కానీ ఇంకొక సర్క్యులరు వచ్చింది. సర్వీసులో ఉండగా కాలం చేసిన ఉపాధ్యాయులకు పాఠశాలలో సంతాప సభ జరపవలెనని, సభను రికార్డు చేసి పంపవలెనని, రికార్డు కాని సంతాపమును తెలియజేయని సంతాపముగా పరిగణింతుమని అందులో ఉంది. ఎవరు పోతే వారి పరికరంలోనే రికార్డు చేయవలెనన్నది మూడో షరతు.

మాస్టారు ఆ కాగితం పట్టుకుని మళ్ళీ మండల కార్యాలయానికి వెళ్ళారు.

"నా రికార్డరు తీసుకోండి," అన్నారు. "నాది బాగా పనిచేస్తుంది. ఎంతసేపైనా మాట్లాడొచ్చు."

పరాంకుశం గారు నొచ్చుకున్నారు. "తమరి రికార్డరులో చేసినచో అది తమరి సంతాప సభ అగును మాస్టారూ. అశుభం. నేను ఒప్పుకొనజాలను."

సభ ఒక శనివారం మధ్యాహ్నం బడి వరండాలో జరిగింది. బల్ల మీద హైమవతి ఫొటో, దాని ముందు బంతిపూల దండ, దండ పక్కన రికార్డరు. పరాంకుశం గారే స్వహస్తాలతో ఎర్ర బొత్తాం నొక్కి ఉపన్యాసం మొదలుపెట్టారు. సదరు దివంగత ఉపాధ్యాయిని సేవలు మరువలేనివన్నారు. అవి ఏమిటో చెప్పడానికి ఆవిణ్ణి తాను ఎన్నడూ చూడలేదు కాబట్టి స్వరముద్ర పథకం లక్ష్యాలు చెప్పారు. లక్ష్యాలు ఏడు. నిమిషానికి ఒకటి చొప్పున చెప్పారు. ఎనిమిది మిగిలాయి.

తర్వాత యలమందరావు గారి వంతు. ఆయన మూడు పేజీలు రాసుకొచ్చారు. కళ్ళజోడు కూడా తెచ్చుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని కాగితాల వంక చూశారు, ఆ తర్వాత మాస్టారి వంక చూశారు, ఆ తర్వాత ఎర్ర దీపం వంక చూశారు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"హైమవతి గారు మంచి టీచరు," అని చెప్పి కూర్చున్నారు.

పరాంకుశం గారు కనుబొమలు ముడిచారు. "ఇప్పుడు రెండు నిమిషములు మౌనం పాటింతము," అన్నారు.

"సార్, మౌనానికి కూడా అది ఆన్‌లో ఉండాలా?" అని యలమందరావు గారు వంగి, చెవిలో అడిగారు.

"రికార్డు కాని మౌనమును ఎట్లు నమ్ముదురు?"

అందరూ లేచి నిలబడ్డారు. మూడువందల మంది పిల్లలు చేతులు కట్టుకుని తలలు వంచుకున్నారు. పరాంకుశం గారు చేతి గడియారం చూస్తున్నారు. ఎర్ర దీపం వెలుగుతోంది. ఏమీ లేని శబ్దం ఒక్కో క్షణం లోపలికి వెళ్ళి ఒక్కో సీట్లో కూర్చుంటోంది. మాస్టారు బల్ల మీద ఫొటోను చూడలేదు. దీపాన్నే చూస్తూ నిలబడ్డారు.

మౌనం అయింది, పిల్లలు కూర్చున్నారు. "ఇప్పుడు చెన్నకేశవులు మాస్టారు తమ అర్ధాంగిని గురించి నాలుగు మాటలు చెప్పెదరు," అని పరాంకుశం గారు రికార్డరు ఎత్తి ఆయన నోటి దగ్గర పెట్టారు.

మాస్టారికి చెప్పవలసినవి ఉన్నాయి. ఈ రెండు నెలల్లో ఎవరితోనూ అననివి. ఆయన పిల్లల వంక చూశారు. ఎనిమిదో తరగతి బి సెక్షను ముందు వరసలో కూర్చుని ఉంది. ఆవిడ గురించి ఆయన ఎంతసేపు మాట్లాడితే ఆవిడ అంతసేపు తగ్గిపోతుంది. ఆయన చేతులు జోడించి, నోరు విప్పకుండా కూర్చున్నారు.

"మాస్టారు దుఃఖభారముచే మాట రాక కూర్చొనిరి," అని పరాంకుశం గారు రికార్డరుకు వివరించారు. ఆ వివరణకు అర నిమిషం పైగా పట్టింది. వందన సమర్పణకు ఇంకో అర నిమిషం. తర్వాత పీరియడు నంబరెంత అని తెర అడిగింది. ఏడు అని నొక్కారు. పాఠం పూర్తయిందా అని అడిగింది. అయిందని నొక్కారు.

అయిదు నిమిషాలు మిగిలాయి.

డిసెంబరులో మండల కార్యాలయం నుంచి ఒక పెద్ద కవరు, ఒక చిన్న కవరు వచ్చాయి. పెద్ద కవరులో ప్రశంసాపత్రం ఉంది. హెడ్మాస్టరు గారి హలో, భ్రమరాంబ గారి సర్క్యులరు, సంతాప సభ అన్నీ హైమవతి పరికరంలోనివి కాబట్టి యంత్రం వాటిని హైమవతి పాఠాలుగానే విన్నది. ఆవిడ సగటు తొంభై ఆరుకు చేరింది. మండలంలో అదే మొదటి స్థానం. మౌనం పాటించిన రెండు నిమిషాలకైతే తరగతి క్రమశిక్షణ కింద నూటికి నూరు పడ్డాయి. "ఆగస్టు మాసములో యాభై ఎనిమిది మాత్రమే ఉన్న సదరు ఉపాధ్యాయిని అనతికాలములో గణనీయమైన మెరుగుదల కనబరచినందులకు హర్షము వ్యక్తపరచడమైనది," అని ఉంది. సెప్టెంబరు బుధవారం నాటి గైర్హాజరును కూడా క్షమించారు. ఆ తర్వాత ఆవిడ హాజరు సంతృప్తికరంగా ఉందట.

"తీసుకోండి," అన్నారు యలమందరావు గారు ప్రశంసాపత్రం అందిస్తూ. "నా మీద కోపం పెట్టుకోకండి కేశవులు గారూ."

"మీ మీద కోపం లేదండీ. సభలో మీరు ఒక్క వాక్యమే చెప్పారు."

చిన్న కవరులో కోడ్ దరఖాస్తుకు జవాబు ఉంది. పరికరం మండలంలోకెల్లా ఉత్తమ ఫలితాలిస్తున్నందున దానిని విప్పవలసిన అవసరం కనబడలేదన్నారు. దరఖాస్తుదారు కోరినచో మరల దరఖాస్తు చేసుకొనవచ్చును. తాజా పనితీరు ధ్రువపత్రం జతపరచవలెను. పరీక్ష పది నిమిషములకు తగ్గరాదు.

మాస్టారు ఆ చివరి వాక్యాన్ని మూడుసార్లు చదివారు. పదవ తరగతి పిల్లలకు తప్పులు దిద్దేటప్పుడు కూడా అంత జాగ్రత్తగా చదవలేదు. అందులో తప్పేమీ లేదు.

జీవశాస్త్రానికి కొత్త టీచరును వెయ్యలేదు. ఆ పోస్టులో తొంభై ఆరు మార్కులతో ఒకరు పనిచేస్తుండగా ఖాళీ ఎలా అవుతుందని పై నుంచి అడిగారట. ఎనిమిదో తరగతి బి సెక్షను నాలుగో పీరియడు ఎవరో ఒకరు తీసుకోవాలి. ఆ పీరియడుకు హైమవతి రికార్డరే వాడాలి. యలమందరావు గారు దాన్ని చెన్నకేశవులు మాస్టారికి ఇప్పించారు. ఇంకెవరికైనా ఇస్తే వాళ్ళు ఎర్ర బొత్తాం నొక్కుతారు.

మాస్టారు రోజూ దాన్ని మెడలో వేసుకుని ఆ తరగతికి వెళతారు. జీవశాస్త్రం పుస్తకం ముందురోజే చదువుకుంటారు. వానపాము తర్వాత పాఠం కప్ప. పిల్లలు మొదట్లో ఊరుకున్నారు కానీ, తెలుగు మాస్టారు కప్ప కాళ్ళ గురించి గ్రాంథికంలో చెబుతుంటే వెనక బెంచీ వాళ్ళకు నవ్వాగలేదు. ఒకడు మొదలుపెట్టాడు, తరగతంతా అందుకుంది. ఆయన కోప్పడలేదు. ఎర్ర దీపం వెలగడం లేదు కాబట్టి ఆ నవ్వు ఎక్కడా నమోదు కాలేదు.

సర్క్యులరు ప్రకారం ఆయన ఆ తరగతిలో ఇప్పటివరకు ఒక్క పాఠమూ చెప్పలేదు. సున్నా సెకన్ల బోధనకు వివరణ కోరుతూ పదిహేడు మెమోలు వచ్చాయి. యలమందరావు గారు ప్రతి మెమో మీదా ముట్టినట్టు సంతకం పెట్టించుకుని, టీ తెప్పిస్తారు. కరీముల్లా వారానికోసారి బస్టాండులో కనపడి, "వచ్చిందా సార్?" అని అడుగుతాడు. రాలేదంటారు మాస్టారు.

పదిహేడు మెమోలకూ ఆయన ఇంకా వివరణ రాయలేదు. కోడ్ కోసం రెండో దరఖాస్తు రాశారు. అది ఆయన సంచిలో ఉంది. పేరు, హోదా, పరికరం నంబరు అన్నీ నింపారు. పనితీరు పరీక్ష జరిపిన తేదీ దగ్గర ఖాళీగా ఉంది. దరఖాస్తు ఇంకా ఇవ్వలేదు.